చైనాలో హాలీవుడ్ ఆడకపోవడానికి కారణం జనమా, ప్రభుత్వమా?

మాట్నీమూర్తి: 2019లో ఎవెంజర్స్ ఎండ్‌గేమ్ చైనాలో 62 కోట్ల డాలర్ల పైనే లాగింది. 2023లో బార్బీ మూడున్నర కోట్ల దగ్గరే ఆగింది. జనానికి మొహం మొత్తిందనేగా? వాళ్ల యానిమేషన్ సినిమా నేఝా 2 చూడండి, దాదాపు అంతా సొంత దేశంలోనే వసూలు చేసి 200 కోట్ల డాలర్లు దాటేసింది.

నల్లకుంటనాని: వడ్డించకుండా ఆకలి లేదంటే ఎలా మూర్తిగారూ? బ్లాక్ విడో, ఎటర్నల్స్, స్పైడర్‌మ్యాన్ నో వే హోమ్... 2021లో ఇవేవీ అక్కడ విడుదలే కాలేదు. 2025 ఏప్రిల్‌లో ట్రంప్ సుంకాలకు జవాబుగా అమెరికా సినిమాలు ఇంకా తగ్గిస్తామని చైనా ప్రభుత్వమే అంది. ఇందులో ప్రేక్షకుడెక్కడ?

పాప్‌కార్న్‌పాప: మా తమ్ముడు అక్కడే ఎంబీబీఎస్ చదివాడు. హాస్టల్లో అందరూ డౌన్‌లోడ్ చేసుకునే చూసేవాళ్లట.

మాట్నీమూర్తి: విడుదలైనవాటి సంగతి చెప్పండి. వకాండా ఫరెవర్ వచ్చింది, చతికిలబడింది.

నల్లకుంటనాని: ఎప్పుడొచ్చింది? ప్రపంచమంతా 2022 నవంబర్‌లో చూసింది. చైనాలో 2023 ఫిబ్రవరి 7న వేశారు. అప్పటికి వారం ముందే బయట ఓటీటీలో ఉంది!

రోటోవేణు: 62 కోట్లు, 62 కోట్లు అంటారేంటండీ. స్టూడియో చేతికొచ్చేది అందులో పాతిక శాతం. అదీ 2012లో అమెరికా, చైనా చేసుకున్న ఒప్పందం తర్వాత. అంతకుముందు ఇంకా తక్కువ.

నల్లకుంటనాని: ఇక్కడ వాటాల గొడవ ఎవరడిగారు?

రోటోవేణు: నేనడుగుతున్నా. హైదరాబాద్‌లో వీఎఫ్ఎక్స్, అంటే సినిమా గ్రాఫిక్స్ పని చేసేవాణ్ని. తెల్లవార్లూ ఒక్కో ఫ్రేములో జుట్టు అంచులు గీసేవాళ్లం. విదేశీ వసూళ్లు పడిపోయాయి, ఆర్డర్లు లేవంటూ మా టీం మొత్తాన్ని పంపేశారు.

మాట్నీమూర్తి: అయ్యో. కానీ మీ ఉద్యోగం పోతే షాంఘైలో టికెట్ కొననివాడిదా తప్పు?

రోటోవేణు: తప్పన్నానా? వెటకారం ఆపండి.

మాట్నీమూర్తి: వెటకారం కాదు. అమెరికా సినిమాని ఎవరైనా వద్దంటే, వాడు సొంత బుద్ధితో అన్నాడని మీరెవరూ ఒప్పుకోరు. వెనక సెన్సారో, పార్టీయో ఉండాల్సిందే. చైనావాడికి సొంత అభిరుచి ఉండదా?

నల్లకుంటనాని: ఉంటుంది కాబట్టే వాణ్నే ఎంచుకోనివ్వాలంటున్నా. 2025 చివర్లో డిస్నీ కార్టూన్ సినిమా జూటోపియా 2 అక్కడ 50 కోట్ల డాలర్లు దాటింది. తలుపు తీస్తే వచ్చారుగా!

మాట్నీమూర్తి: షాంఘై డిస్నీల్యాండ్‌లో 2023లోనే జూటోపియా ఊరు కట్టి పెట్టుకున్నారు. అది అలవాటైన బొమ్మ. బార్బీకీ తలుపు తీశారు, ఎంతమంది వచ్చారు?

రోటోవేణు: ఆ 50 కోట్లలో పాతిక శాతం ఎంతో ముందు లెక్కేయండి.