14 రోజులే ఉంచే బ్యాకప్‌కి కోల్డ్‌లైన్ లాభమేనా?

ప్రశ్న: రోజూ రాత్రి 500 జీబీ పూర్తి బ్యాకప్ గూగుల్ క్లౌడ్‌కి వెళ్తుంది. 14 రోజులు దాటినవి తీసేస్తాం. వీటిని తెరిచే అవసరం దాదాపు రాదు. స్టాండర్డ్ (మామూలు నిల్వ క్లాస్) నుంచి కోల్డ్‌లైన్‌కి (అరుదుగా తెరిచే ఫైళ్ల కోసం ఉన్న చౌక క్లాస్) మారిస్తే ఖర్చు తగ్గుతుందా? గడువుకు ముందే తీసేస్తే పడే ఎర్లీ డిలీషన్ ఫీజు అంటే జరిమానాయేనా?

జవాబు 1: జరిమానా కాదండీ, మిగిలిన రోజుల అద్దె. కోల్డ్‌లైన్ కనీస గడువు 90 రోజులు. 14 రోజులకే తీసేస్తే మిగతా 76 రోజుల నిల్వ ఛార్జీ కూడా పడుతుంది. బకెట్‌లో (ఫైళ్లు ఉంచే చోటు) కనిపించేవి 14 కాపీలే, కానీ రోజుకో కాపీకి 90 రోజుల ఛార్జీ కాబట్టి బిల్లు మాత్రం 90 కాపీలకు, అంటే 45,000 జీబీకి వస్తుంది. స్టాండర్డ్‌లో అయితే (తీసేసినవాటిని కొన్నాళ్లు దాచే సాఫ్ట్ డిలీట్ ఆఫ్‌లో ఉంటే) 7,000 జీబీకే కడతారు. కోల్డ్‌లైన్ రేటు స్టాండర్డ్‌లో ఐదో వంతు అనుకున్నా (ప్రాంతాన్ని బట్టి మారుతుంది) 9,000 జీబీ స్టాండర్డ్‌తో సమానం. నష్టమే.

జవాబు 2: దీనికి అడ్డదారి లెక్క ఒకటుంది. కనీస గడువును రేటు నిష్పత్తితో గుణించండి: 90 × 1/5 = 18. ఫైలు 18 రోజులు దాటి ఉండేదైతే, ఫీజు పడినా నిల్వ ఖర్చు స్టాండర్డ్ కన్నా తక్కువే. కాబట్టి బిల్లులో ఆ ఫీజు కనిపించగానే కంగారు పడక్కర్లేదు. ఈ రెంటికీ మధ్య క్లాస్ అయిన నియర్‌లైన్‌కి 30 రోజుల గడువు, రేటు సగం అనుకుంటే 15. మీ 14 రోజులు దానికీ చాలవు. పైగా రైట్ ఆపరేషన్లు (ఫైలు రాయడం), రిట్రీవల్ (తిరిగి చదవడం) ఛార్జీలు వేరే ఉంటాయి.

ప్రశ్న: ఒకే పేరుతో ఓవర్‌రైట్ చేస్తే? లైఫ్‌సైకిల్ రూల్‌తో (ఫైలు వయసును బట్టి దానంతటదే పనిచేసే నియమం) డిలీట్ చేస్తే ఫీజు తప్పుతుందా?

జవాబు 1: రెండూ తప్పించవు. వెర్షనింగ్ (పాత కాపీలను దాచే సెట్టింగ్) లేని బకెట్‌లో ఓవర్‌రైట్ అంటే పాత కాపీని తీసేసినట్టే, మిగిలిన 89 రోజులు కట్టాలి. కాపీ చేసి పాతది తొలగించే పద్ధతిలో పేరు మార్చినా అంతే. ఒక మినహాయింపు ఉంది: లైఫ్‌సైకిల్ రూల్ నియర్‌లైన్ నుంచి కోల్డ్‌లైన్‌కి క్లాస్ మారిస్తే ఫీజు పడదు, పాత క్లాస్‌లో గడిచిన రోజులూ కొత్త క్లాస్ గడువు లెక్కలోకి వస్తాయి. అదే మార్పు మీరు చేత్తో రీరైట్ చేస్తే పడుతుంది.

జవాబు 2: ఈ వెసులుబాటును అమెజాన్ నిల్వ సేవ ఎస్3కి అన్వయించకండి. అక్కడ గడువు లోపల లైఫ్‌సైకిల్ తరలించినా మిగిలిన రోజులు కట్టాల్సిందే. అక్కడి క్లాస్‌ల కనీస గడువు రోజుల్లో: స్టాండర్డ్-ఐఏ 30, గ్లేసియర్ ఫ్లెక్సిబుల్ 90, డీప్ ఆర్కైవ్ 180. మైక్రోసాఫ్ట్ అజూర్‌లో కూల్ 30, కోల్డ్ 90, ఆర్కైవ్ 180.

మీ విషయంలో రోజువారీ కాపీలను స్టాండర్డ్‌లోనే ఉంచండి. ఏడాది దాచే నెలాఖరు కాపీ ఉంటే దాన్ని మాత్రం నేరుగా కోల్డ్‌లైన్‌లో రాయండి. ఇప్పటికే ఫీజు పడుతోందేమో చూడాలంటే, బిల్లింగ్ రిపోర్టును ఎస్‌కేయూ (బిల్లులోని ఒక్కో ఛార్జీ పద్దు) వారీగా పెట్టి పేరులో ‘ఎర్లీ డిలీట్’ ఉన్న వరుసలు వెతకండి.