బైక్ మీద సేఫ్టీ షూ సరిపోతుందా, రైడింగ్ బూట్లు కొనాల్సిందేనా?

రేణిగుంట షిఫ్ట్:

అందరికీ నమస్తే. నాది తిరుపతి, కొర్లగుంట. రోజూ రేణిగుంట వైపు ఫ్యాక్టరీకి బైక్ మీదే వెళ్లొస్తాను. ఆదివారం వీలైతే తలకోన దాకా ఒక తిరుగుడు. కాలికి ఎప్పుడూ పనిలో ఇచ్చిన సేఫ్టీ షూనే. స్టీలు ముక్కు, గట్టి సోల్. మా షిఫ్టులో సగం మంది ఇవే వేసుకుని బండి నడుపుతారు.

పోయిన నెల భాకరాపేట ఘాట్ దిగుతుంటే మలుపులో ఎండుటాకుల మీద ముందు చక్రం జారింది. స్పీడు ముప్పై కూడా లేదు. బండి ఎడమ పక్కకి పడింది, నా కాలు దాని కింద ఇరుక్కుంది. వేళ్లకి ఏమీ కాలేదు, స్టీలు ముక్కు మీద చిన్న గీత పడిందంతే. కానీ చీలమండ బయటి ఎముక దగ్గర తోలు లేచిపోయింది. కాలు బెణికి మూడు వారాలు కుంటుతూ నడిచాను. ఇంటికొచ్చాక షూ చేతిలోకి తీసుకుని చూస్తే దాని అంచు సరిగ్గా ఆ ఎముక కిందే ఆగిపోయింది. రెండేళ్లుగా వేసుకుంటున్నాను, ఒక్కసారైనా ఆ సంగతి గమనించలేదు. అమ్మ అయితే పుత్తూరు కట్టు కట్టిద్దాం పదమని ఒకటే పట్టు. ముందు ఎక్స్‌రే తీయిద్దామన్నాను. ఎముక విరగలేదని తేలాక ఇంట్లో అందరి టెన్షన్ తీరింది.

ఇప్పుడు ఫ్రెండ్ ఒకడు పిక్క దాకా వచ్చే రైడింగ్ బూట్లే కొనమంటున్నాడు. పన్నెండు వేలు. మే నెల ఎండలో అవి రోజూ వేసుకోగలనా? చీలమండ కప్పే సేఫ్టీ షూ తీసుకుంటే సరిపోదా? వాడినవాళ్లు చెప్పండి.

చిత్తూరు బుల్లెట్:

తమ్ముడూ, ఎముక విరగలేదు, అదే పదివేలు. నేను పదకొండేళ్లుగా చిత్తూరు నుంచి బెంగళూరికి బండి మీదే తిరుగుతున్నా, మొగిలి ఘాట్‌లో ప్రతి మలుపూ నాకు తెలుసు. నా మాట ఒకటే. కొంటే పూర్తి బూట్లు కొను, లేకపోతే ఆ డబ్బు దాచుకో.

సేఫ్టీ షూ తయారు చేసేది పైనుంచి కాలి మీద పడే బరువు కోసం. ఆ స్టీలు ముక్కుకి 200 జౌళ్ల దెబ్బ పరీక్ష పెడతారు. అంటే 20 కిలోల దిమ్మె సుమారు మీటరు ఎత్తు నుంచి వేళ్ల మీద పడ్డట్టు. ఫ్యాక్టరీలో అదే కావాలి. రోడ్డు మీద జరిగేది వేరు. కాలు పక్కనుంచి నలుగుతుంది, మెలిపడుతుంది, తారు మీద రాసుకుపోతుంది. పిక్క ముందు ఎముక ఫుట్ రెస్ట్‌కో కారు బంపర్‌కో తగులుతుంది. ఈ నాలుగింటిలో ఒక్కదానికీ సేఫ్టీ షూలో జవాబు లేదు.

మామిడితోట:

అన్నా, మీరు చెప్పింది కాదనను. కానీ మన రోడ్ల మీద ఎవరిని చూసినా కాలికి రబ్బరు చెప్పులే. దామలచెరువు మండీకి మామిడికాయలు తోలే రోజుల్లో నేనూ అలాగే తిరిగాను. అలాంటి వాళ్లకి పిక్క దాకా బూటు, పన్నెండు వేలు అని చెబితే వినడం మానేసి చెప్పులతోనే ఉండిపోతారు. గట్టి లేసు షూ ఒకటి వేసుకున్నా మేలే కదా.

ఎండ సంగతి కూడా తేలిగ్గా తీసుకోవద్దు. మా బావమరిది నీళ్లు దూరని పొర ఉన్న పెద్ద బూట్లు కొన్నాడు. ఏప్రిల్లో రెండు రోజులు వేసుకున్నాడు. సాయంత్రం సాక్సు పిండితే నీళ్లు కారాయి, వేళ్ల మధ్య ఒరుసుకుపోయింది. ఆ బూట్లు ఇప్పుడు అటక మీద ఉన్నాయి.

ఇంకోటి, తిరుమల నుంచి దిగే పాత ఘాట్‌లో 36 మలుపులు. వెనక బ్రేక్ మీద పాదం ఆడుతూనే ఉండాలి. అంత మందం సోల్‌తో బ్రేక్ ఎంత నొక్కామో తెలుస్తుందా? పైగా స్టీలు ముక్కు మీద బండి పడితే అది ముడుచుకుని వేళ్లు తెగిపోతాయని విన్నాను. నిజమేనా?

చంద్రగిరి ఫిజియో:

ఆ చివరి మాటకి ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే చాలామంది దీన్ని నమ్మి ఉన్న షూ కూడా మానేస్తున్నారు. స్టీలు ముక్కుని వంచేంత బరువు మామూలు షూ మీద పడితే ఆ వేళ్లు ఎలాగూ నలిగిపోతాయి. స్టీలు వల్ల వచ్చే ప్రమాదం అది కాదు. అసలు ఇబ్బంది ముక్కు లావుగా ఉండి గేర్ రాడ్ కింద దూరకపోవడం. పాదం వంకరగా పెట్టి గేర్ వేయడం అలవాటవుతుంది, అది మంచిది కాదు.

నా దగ్గరికి వచ్చే బైక్ కేసుల్లో పాదం, చీలమండ దెబ్బలు చాలా ఉంటాయి. కట్టు విప్పాక నెలల తరబడి మెట్లు దిగలేనివాళ్లను చూస్తున్నాను. ఆ బాధ రోజూ చూస్తాను కాబట్టి చెబుతున్నా, షాపులో బూటు అందం చూడకండి. రెండు పనులు చేయండి. మడమ ఒక చేత్తో, ముక్కు ఇంకో చేత్తో పట్టుకుని తడి బట్ట పిండినట్టు తిప్పండి. సులువుగా తిరిగితే పడినప్పుడు మీ పాదమూ అలాగే తిరుగుతుంది. తర్వాత పాదం వెడల్పుగా ఉండే చోట సోల్‌ని రెండు వైపుల నుంచి అరచేతులతో అదమండి. అట్టపెట్టెలా మడతపడితే పక్కన పెట్టేయండి. బండి మీద పడ్డప్పుడు పాదం నలిగేది అలాగే. ఆపైన చీలమండ రెండు వైపులా గట్టి కప్పు ఉందో లేదో వేలితో నొక్కి చూడండి. బయట ఎముకకే పెట్టి లోపలి వైపు వదిలేసిన బూట్లు కూడా ఉన్నాయి.

పలమనేరు రైడర్:

అక్క చెప్పిన ఆ పిండే పరీక్షకి కాగితం మీద కూడా ఒక లెక్క ఉంది. యూరప్‌లో బైక్ బూట్లకి ఈఎన్ 13634 అనే ప్రమాణం ఉంది. బూటు నాలుక లోపల చిన్న లేబుల్, దాని మీద బైక్ బొమ్మ, కింద నాలుగు అంకెలు. మొదటిది ఎత్తు, రెండోది రాపిడికి ఎంత ఆగుతుంది, మూడోది పదునైన అంచు తగిలితే తెగకుండా ఎంత ఆగుతుంది, నాలుగోది పక్కనుంచి అదిమితే ఎంత నిలబడుతుంది. ఒక్కోటి 1 లేదా 2 ఉంటుంది, 2 అంటే ఎక్కువ. ఎత్తు 1 ఉన్నా మిగతా మూడూ 2 ఉంటే అది పొట్టి బూటే అయినా గట్టి బూటు. ఐపీఏ అని ఉంటే చీలమండ కప్పుకి విడిగా పరీక్ష జరిగినట్టు. డబ్ల్యూఆర్ అంటే నీళ్లు ఆపేది. లేబుల్ లేకుండా పైన రైడింగ్ అని రాసుంటే నేను నమ్మను.

సైజు సంగతి. సాయంత్రం పూట వెళ్లండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. బండి మీద వేసుకునే సాక్సుతోనే కొలవండి. మనలో చాలామందికి పాదం ముందు భాగం వెడల్పు. విదేశీ బూట్లు కొన్ని అక్కడే పట్టేస్తాయి, నాకు రెండు జతలు అలాగే వృథా అయ్యాయి. లేసులుంటే ముడి లోపలికి దోపే ఏర్పాటో, పైన పట్టీయో ఉండాలి. మా తమ్ముడి లేసు గేర్ రాడ్‌కి చుట్టుకుని సిగ్నల్ దగ్గర కాలు కింద పెట్టలేక పడిపోయాడు.

చిత్తూరు బుల్లెట్:

లేబుల్ సంగతి ఒప్పుకుంటా. కానీ పొట్టి బూటుకి పిక్క ఎముక ఎవరు కాస్తారు? 2021 నవంబరు వానల్లో ఘాట్ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడ్డాయి, తిరుపతి వీధులు చెరువులయ్యాయి. మన దగ్గర వాన అంటే అదీ. అలాంటప్పుడు పొట్టి బూటులోకి పైనుంచే నీళ్లు పోతాయి.

బ్రేక్ తెలియదన్న మాట కొత్త బూటుకి నిజమే. పది రోజులు ఊళ్లో తిరిగితే తోలు మెత్తబడుతుంది. కొన్న మర్నాడే ఘాట్ ఎక్కొద్దు. బ్రేక్ పెడల్, గేర్ రాడ్ ఎత్తు బూటుకి తగ్గట్టు మార్పించుకో, మెకానిక్ ఐదు నిమిషాల్లో చేస్తాడు.

చంద్రగిరి ఫిజియో:

వానకి బూటు పైన తొడుక్కునే కవర్లు వస్తాయి కదా సార్. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండే ఉండే ఊళ్లో, నవంబరు వాన కోసం కాలిని తొమ్మిది నెలలు ఉడకబెట్టడం సరికాదు. పిక్కకి మోకాలి గార్డుతో పాటు కిందికి వచ్చేవి ఉన్నాయి, లాంగ్ రైడ్ రోజు అవి కట్టుకోవచ్చు. రోజూ వేసుకోని పెద్ద బూటు కంటే రోజూ వేసుకునే పొట్టి బూటే ఆ పిల్లవాడి కాలిని కాపాడుతుంది. ఆయన పడింది ముప్పై లోపు వేగంలో.

రేణిగుంట షిఫ్ట్:

అక్కా, అన్నలూ, అందరికీ థాంక్స్. రాత్రి నా సేఫ్టీ షూని మీరు చెప్పినట్టు పిండి చూశాను. సోల్ గట్టిదే, మడతపడలేదు. మెలి మాత్రం సులువుగా తిరిగింది. చీలమండ దగ్గర దూది మెత్త తప్ప ఏమీ లేదు.

నిన్న చెన్నై వెళ్లి మూడు రకాలు వేసుకుని చూశాను. పెద్ద బూట్లలో షాపు మెట్లు ఎక్కితేనే పిక్క పట్టేసింది. ఎనిమిది గంటల షిఫ్టుకి ముందూ వెనకా అవి తొడుక్కుని విప్పడం నా వల్ల కాదనిపించింది. చీలమండ పైకి నాలుగు వేళ్లు వచ్చే పొట్టి బూటు తీసుకున్నాను. రెండు వైపులా కప్పులు, జిప్పు మీద పట్టీ, లేబుల్‌లో ఎత్తుకి 1, మిగతా మూడూ 2. తొమ్మిది వేల చిల్లర. సేఫ్టీ షూ లాకర్లో పెట్టుకుని డ్యూటీలో మాత్రం అదే వేసుకుంటాను.

బుల్లెట్ అన్నా, మీ మాట కొట్టిపారేయలేదు. బెంగళూరు రైడ్ మొదలుపెట్టిన రోజు పిక్కకి గార్డు కొంటాను. మామిడితోట అన్నా, ఒక్క సందేహం. కొండకి బండి మీద వెళ్లినప్పుడు ఇంత ఖరీదు బూట్లు చెప్పుల స్టాండులో వదలాలంటే భయంగా ఉంది. మీకు తెలిసినవాళ్లు ఏం చేస్తారు?

మామిడితోట:

హెల్మెట్‌తో పాటు ఒక గుడ్డ సంచిలో వేసి లగేజీ కౌంటర్లో ఇస్తారు తమ్ముడూ. బండి డిక్కీలో హవాయి చెప్పులు పెట్టుకో, పార్కింగ్ దగ్గరే మార్చుకుని పో. ఎండకి కాలిన బండల మీద బూట్లు విప్పుకుంటూ నిలబడొద్దు.