అప్‌డేట్: వాలెస్‌కి ఎదురుగా నిలబడిన అధికారి ఎవరో తేలింది

అమెరికాలోని అలబామా రాష్ట్రానికి అప్పటి గవర్నర్ జార్జ్ వాలెస్, ఇద్దరు నల్లజాతి విద్యార్థులు చేరకుండా అడ్డుకుంటూ యూనివర్సిటీ తలుపు దగ్గర నిలబడ్డ 1963 నాటి ఫోటో గురించి అడిగాను, గుర్తుందా? ఎదురుగా ఉన్న పొడవాటి మనిషి ఎవరు, మా లైబ్రరీ ప్రదర్శనలో పెట్టుకోవచ్చా అన్నవి నా ప్రశ్నలు. సమస్య తీరింది. సాయం చేసిన అందరికీ థాంక్స్.

ఆయన అప్పటి అటార్నీ జనరల్ (అమెరికా న్యాయశాఖ అధిపతి) రాబర్ట్ కెనడీ కాదు, ఆయన కింద డిప్యూటీగా ఉన్న నికోలస్ కట్జెన్‌బాక్. నాకు దొరికిన కాపీ కింద కెనడీ అని పేరు తప్పుగా వేశారు. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కేటలాగ్‌లో వెతకమన్న సలహాయే పనిచేసింది. తేదీ 1963 జూన్ 11, తీసింది వారెన్ లెఫ్లర్, యు.ఎస్. న్యూస్ అండ్ వరల్డ్ రిపోర్ట్ పత్రిక కోసం. ఆ పత్రిక ఫోటోలు ఇప్పుడు ఆ లైబ్రరీలోనే ఉన్నాయి, ప్రచురణకు తెలిసిన ఆంక్షలేవీ లేవని అక్కడే రాసి ఉంది. కాబట్టి ఏదైనా ఫోటో ఏజెన్సీకి డబ్బు కట్టాలేమోనన్న టెన్షన్ అనవసరం. ఇమేజ్ సెర్చ్ వల్ల మాత్రం ఉపయోగం లేకపోయింది, అన్నీ అదే తప్పు పేరుతో తిరుగుతున్న కాపీలే.

అమెరికా కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి తన ఉద్యోగంలో భాగంగా తీసిన ఫోటో అయితే అక్కడ కాపీరైట్ ఉండదన్న మాట నిజమే, కానీ లెఫ్లర్ పత్రిక మనిషి, ఇక్కడ అది వర్తించదు.

నన్ను కదిలించింది ఫ్రేములో లేని ఇద్దరు. ఎవరి ప్రవేశం కోసం ఈ గొడవంతా జరిగిందో ఆ వివియన్ మలోన్, జేమ్స్ హుడ్ ఇందులో కనిపించరు. ఆ రోజే ఇద్దరూ చేరారు. ప్రదర్శనలో ఫోటో కింద మొదట వాళ్ల పేర్లే రాస్తున్నాను.