ఇంగ్లీషులో చప్పుడు క్రియలు: రోజూ మాట్లాడేవా, కథల్లోవేనా?

గోదారిగట్టు: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. "తలుపు కిర్రుమంటూ తెరుచుకుంది" అనడానికి "ద డోర్ ఓపెన్డ్ విత్ కిర్ర్ సౌండ్" అంటోంది. ఇంగ్లీషువాళ్లు "ద డోర్ క్రీక్డ్ ఓపెన్" అంటారు. మనకు చప్పుడు పక్కన నిలబడుతుంది, పని వేరే క్రియ చేస్తుంది. వాళ్లకు చప్పుడే క్రియ. ఇది పట్టుబడకపోతే ఇంగ్లీషు వచ్చినట్టు కాదని నా అభిప్రాయం.

సీదాసాదా: కథల పుస్తకాల ఇంగ్లీషండీ ఇది. పదకొండేళ్లుగా ఆఫీసులో ఇంగ్లీషే మాట్లాడుతున్నా. "క్రీక్" ఒక్కసారి కూడా నా నోట రాలేదు.

గోదారిగట్టు: మెసేజ్ పెట్టమనడానికి "పింగ్ మీ" అనరా? "క్లిక్ హియర్" అనరా?

సీదాసాదా: పింగ్ చప్పుడెలా అవుతుంది? అది అవతలి కంప్యూటర్ పలుకుతోందో లేదో చూసే నెట్‌వర్క్ కమాండ్.

కమాండ్‌లైన్: 1983లో మైక్ మూస్ ఆ ప్రోగ్రామ్ రాసి, సోనార్ (నీళ్లలోకి చప్పుడు పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో వస్తువుల్ని కనిపెట్టే పద్ధతి) చప్పుడు మీదే ఆ పేరు పెట్టాడు.

సీదాసాదా: పెట్టుకోనివ్వండి. నా ఫోన్ ఎప్పుడూ సైలెంట్‌లోనే. నన్ను పింగ్ చేస్తే ఏ చప్పుడూ రాదు.

గోదారిగట్టు: నేననేదీ అదే! చప్పుడు పోయినా క్రియ మిగిలింది. టచ్‌స్క్రీన్ కూడా క్లిక్కుమనదు, అయినా క్లిక్ చేస్తున్నాం. లారీ "రంబుల్డ్ పాస్ట్" (గడగడమంటూ దాటిపోయింది) అంటే చప్పుడూ కదలికా ఒకే మాటలో వచ్చేశాయి.

అరసున్న: అన్నిటికీ కుదరదు. ఆ చప్పుడు కదలిక వల్ల పుట్టాలి. కుక్క మొరుగుతూ గదిలోకి వస్తే "ద డాగ్ బార్క్డ్ ఇన్‌టు ద రూమ్" అనరు. మొరుగు గొంతులోంచి వస్తుంది, నడకలోంచి కాదు.

పుల్లట్టు: మా ఊరి బస్సు హారన్‌తోనే నడుస్తుంది సార్. దానికి మినహాయింపు ఉందా?

సీదాసాదా: ఇన్ని రూల్సుంటే రోజువారీ భాష ఎలా అయింది?

గోదారిగట్టు: మీలాంటివాళ్లు "పని జరిగితే చాలు" అనబట్టే పిల్లల ఇంగ్లీషు అరకొరగా ఉండిపోతోంది.

సీదాసాదా: మీలాంటివాళ్లు నవ్వబట్టే మాలాంటివాళ్లు నోరు మూసుకున్నారు! తెలుగు మీడియం నాది. ఉద్యోగంలో చేరిన కొత్తలో "ఏసీ ఈజ్ గివింగ్ గుర్ర్ గుర్ర్ సౌండ్" అన్నాను. టీమ్ లీడ్ పదిమంది ముందు నాచేత మళ్లీ అనిపించి మరీ నవ్వాడు. "హమ్మింగ్" అనాలట. ఏసీ బాగుచేసే అతనికి మాత్రం నా గుర్ర్ వెంటనే అర్థమైంది.

గోదారిగట్టు: నేను నవ్వలేదండీ. మా అమ్మాయిని రేపు ఎవరూ అలా నవ్వకూడదనే ఈ తిప్పలు.

సీదాసాదా: అంటే నవ్వేవాడిది తప్పు కాదు, పిల్లే మారాలి. అసలు గొడవ ఇదీ. ముందే చెబితే పింగ్ గురించి ఇంత టైపు చేసేవాణ్ణి కాదు.

గోదారిగట్టు: నవ్వేవాణ్ణి నేను మార్చలేను. పిల్లకి నేర్పగలను.

అరసున్న: ఒక్క మాట. "హమ్" అంటే ఒకే తీరున ఆగకుండా వచ్చేది. ఆగి ఆగి గుర్ర్ గుర్ర్ మంటే అది హమ్ కాదు. మీ టీమ్ లీడ్‌దీ తప్పే.

సీదాసాదా: పదకొండేళ్లు ఆలస్యంగా చెప్పారు సార్.