క్రీమీ స్టేక్ పాస్తా: ముక్కలు సాస్‌లో కలపాలా, పైన పేర్చాలా?

కొత్త_గరిటె
అరగంటలో అయిపోతుంది కదా అని నిన్న రాత్రి స్టేక్ పాస్తా మొదలుపెట్టాను. సర్లాయిన్‌ను, అంటే గొడ్డు మాంసంలో నడుము దగ్గరి కోతను, సన్నగా కోసి అంతా ఒకేసారి పెనంలో వేసేశాను. ఎర్రగా వేగుతుందనుకుంటే నీళ్ళూరింది, ఆ నీళ్ళలోనే ఉడికి బూడిదరంగుకు తిరిగింది. అందులోనే వెల్లుల్లి, పాలు, కాస్త క్రీమ్, చీజ్ వేసి మరిగించాను. సాస్ విరిగి పలుకులు పలుకులుగా అయింది. మాంసం రబ్బరులా సాగింది. ఇంట్లోవాళ్ళు మాట్లాడకుండా తిని లేచారు, నాకు దానికే ఎక్కువ బాధేసింది. స్టేక్‌ను మొత్తంగా వేయించి తర్వాత కోసి పాస్తా పైన పెట్టాలా, ముందే కోసి సాస్‌లో కలపాలా? మీరెలా చేస్తారో చెప్పండి.

ఇనుప_పెనం
మొత్తంగానే వేయించాలి. ఇందులో రెండో మాట లేదు.

మీకు జరిగింది ఏమిటంటే, పెనం కిక్కిరిసిపోయింది. నీళ్ళు ఉన్నంతసేపూ వేడి 100 డిగ్రీలు దాటదు. మాంసం ఎర్రబడి ఆ కమ్మటి వాసన రావాలంటే పైభాగం 140 దాటాలి. అందుకే ముందు టిష్యూతో తడంతా అద్దేయండి. ఉప్పు, మిరియాలు పట్టించి, పెనం బాగా కాగాక ఒక్క ముక్కగా వేయండి. రెండున్నర సెంటీమీటర్ల మందం ఉంటే ఒక్కోవైపు మూడు నాలుగు నిమిషాలు. థర్మామీటర్ గుచ్చి చూస్తే లోపల 52 ఉండాలి. అప్పుడు తీసి పక్కన పెడితే దానంతటదే ఇంకో మూడు నాలుగు డిగ్రీలు ఎక్కుతుంది. ఐదు నిమిషాలు ముట్టుకోకండి.

ఈలోపు పెనం అడుగున అంటుకున్న గోధుమరంగు పొర మీద వంద మిల్లీలీటర్ల స్టాక్ (ఎముకలు ఉడికించిన నీళ్ళు) పోసి చెక్క గరిటెతో గీకండి. పొర మొత్తం కరిగి స్టాక్ ముదురు రంగుకొస్తుంది. సాస్‌కు ప్రాణం అదే. దాంట్లో క్రీమ్ పోసి చిక్కబడనిచ్చి, ప్యాకెట్ మీద రాసినదానికి రెండు నిమిషాలు ముందే తీసిన పాస్తా వేసి తిప్పండి. స్టేక్‌ను పీచుకు అడ్డంగా సన్నగా కోసి పైన పెట్టండి. సాస్‌లో వేసి మాత్రం ఉడికించకండి.

మీగడ_గిన్నె
నేను సాస్ గురించే చెప్తాను. అది విరిగింది పాల వల్ల, మంట వల్ల. 35 శాతం దాకా కొవ్వున్న క్రీమ్ మరిగినా తట్టుకుంటుంది, పాలు తట్టుకోవు. చీజ్‌ను మంట మీద వేస్తే ముద్దకట్టి నూనె విడిచేస్తుంది. పొయ్యి ఆపి, ఒక నిమిషం ఆగి, అప్పటికప్పుడు తురిమిన పర్మెజాన్ (గట్టి ఇటాలియన్ చీజ్) గుప్పెడు గుప్పెడుగా కలపండి. ముందే తురిమి అమ్మే చీజ్‌లో అతుక్కోకుండా సెల్యులోజ్ లాంటి పొడి కలుపుతారు, అది నున్నగా కరగదు. చిక్కగా అయిపోతే పాస్తా ఉడికిన నీళ్ళు ఒక గరిటె పోయండి. ఆ గంజి సాస్‌ను విరగకుండా పట్టి ఉంచుతుంది.

తొమ్మిది_దాటాక
ఇనుప_పెనం గారు చెప్పింది ఇద్దరికి, తీరిక ఉన్న రోజున. నేను పని నుంచి ఇల్లు చేరేసరికి తొమ్మిది అవుతుంది. నలుగురికి రెండు స్టేకులు. పన్నెండేళ్ళుగా ముందే కోసి చేస్తున్నాను, ఒక్కసారి కూడా రబ్బరు కాలేదు.

ఎలాగంటే, కోశాక తడి అద్దేసి రెండు విడతలుగా వేయిస్తాను. ముక్క ముక్కను తాకకూడదు. ఒకవైపు నిమిషం కదపకుండా వదిలేస్తాను, తిప్పాక ముప్పై సెకన్లు, వెంటనే గిన్నెలోకి తీసేస్తాను. సాస్, పాస్తా కలిశాక, పొయ్యి ఆపాక, చివర్లో కలుపుతాను. అక్కడ ఉడికేది ఏమీ లేదు. ఐదు నిమిషాల విశ్రాంతి అక్కర్లేదు, థర్మామీటర్ అక్కర్లేదు.

ఇనుప_పెనం
విశ్రాంతి అక్కర్లేదా? వేడిగా ఉండగానే కోస్తే రసం బోర్డు మీద పారుతుంది. నేను రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. వెంటనే కోసినదాని చుట్టూ గులాబీ నీళ్ళు మడుగు కట్టాయి, ఆగి కోసినదాని కింద రెండు మూడు చుక్కలే.

తొమ్మిది_దాటాక
ఆ మడుగును మీరేం చేశారు? నేనైతే సాస్‌లో పోస్తాను. ఒట్టి స్టేక్ తినేటప్పుడు రసం పోతే పోయినట్టే. పాస్తాకు పోయేదేముంది? ముక్కలో లేకపోతే సాస్‌లో ఉంటుంది. తినేవాళ్ళ నోట్లోకే వెళ్తుంది.

వేడివేడిగా
పైన గట్టిగా కాలిస్తే రసం లోపలే మూతపడిపోతుంది కదా, మరి ఎప్పుడు కోస్తే ఏం?

ఇనుప_పెనం
మూతపడదు. 19వ శతాబ్దంలో లీబిగ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త ప్రచారం చేసిన మాట అది, తర్వాత పరీక్షల్లో తప్పని తేలింది. కాల్చేది రుచి కోసం. కాలిన తర్వాత కూడా పెనంలో చుయ్‌మని శబ్దం వస్తూనే ఉంటుంది, అది బయటికొస్తున్న నీరే.

నిదానం
విశ్రాంతి గురించి నాదో మాట. పిల్లలకు పెట్టేవాళ్ళు వినాలి. అమెరికా వ్యవసాయ శాఖ స్టేక్‌కు చెప్పే లెక్క 63 డిగ్రీల సెల్సియస్, ఆ తర్వాత 3 నిమిషాల విశ్రాంతి. అంటే ఆ మూడు నిమిషాలు రసం కోసమే కాదు, సూక్ష్మజీవుల కోసం కూడా. ఇనుప_పెనం గారి 52, ఎక్కి 56 అయినా, ఆ గీతకు కిందే ఉంది.

ఇనుప_పెనం
పెద్దవాళ్ళు తినేదానికి 55 చాలామంది ఇష్టపడే వేడే. పిల్లలకు, గర్భిణులకు, ఒంట్లో బాగాలేనివాళ్ళకు 63 పెట్టుకోండి, కాదనను. అడిగింది మాత్రం సాస్‌లో కలపాలా వద్దా అని. వేడి సాస్‌లో వేశాక ముక్క ఇంకా ఉడుకుతూనే ఉంటుంది. పొయ్యి ఆపినా సాస్ చల్లారదు కదా. మూడు మిల్లీమీటర్ల ముక్క ఆ వేడికి ఎంతసేపు ఆగుతుంది? రెండో పళ్ళెం వడ్డించేలోపు గులాబీ రంగు పోతుంది. అప్పుడది స్టేక్ కాదు, ఉడకబెట్టిన మాంసం. మంచి కోతను అలా చేసేవాళ్ళు స్టేక్ కొనడం దండగ.

పాస్తా_పిచ్చి
అసలు రోములో ఆల్ఫ్రెడో డి లెలియో అనే హోటల్ యజమాని పేరుమీద వచ్చిన ఆల్ఫ్రెడో పాస్తాలో క్రీమే లేదు. వెన్న, పర్మెజాన్, అంతే.

మీగడ_గిన్నె
ఇక్కడ ఆల్ఫ్రెడో అని ఎవరూ అనలేదండీ. క్రీమ్ సాస్ అడిగారు, క్రీమ్ సాస్ చెప్పాం.

తొమ్మిది_దాటాక
"దండగ" అన్నారు. పన్నెండేళ్ళుగా నేను నిలబడి వండి పెట్టినదాన్ని దండగ అన్నారు. సరే, ఎందుకు కలుపుతానో చెప్తాను.

నేను పెరిగిన ఇంట్లో మాంసం ఎప్పుడూ మొత్తంగానే వండేవాళ్ళు. బోర్డు మీద పెట్టి అందరి ముందే కోసేవాళ్ళు. నడిమధ్య మెత్తటి ముక్కలు ఎవరి పళ్ళెంలోకి వెళ్ళాలో ముందే తెలుసు. చివర ఎండిన ముక్కలు వండిన మనిషికి, అంటే మా అమ్మకు. పైన పేర్చినప్పుడు ఎవరికి ఎన్ని పడ్డాయో లెక్క కనిపిస్తుంది. చిన్నప్పుడు నేను ఆ లెక్కపెట్టేదాన్ని. మా అమ్మ పళ్ళెం వైపు చూడకుండా తినడం నేర్చుకున్నాను.

అందుకే నా ఇంట్లో ముందే కోస్తాను, అన్నీ ఒకే గిన్నెలో కలుపుతాను. గరిటెకు ఏది వస్తే అది. నాకూ అదే గిన్నె, అదే గరిటె. గులాబీ రంగు పోతే పోనివ్వండి.

వేడివేడిగా
ఇది చదివాక ఇంక రుచి గురించి మాట్లాడబుద్ధి కావడం లేదు.

ఇనుప_పెనం
"దండగ" అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను. మిమ్మల్ని అన్నది కాదు, కానీ మీకే తగిలింది. క్షమించండి.

నా పట్టుదలకూ కారణం ఉంది. మా నాన్నగారికి పక్షవాతం వచ్చాక నమలడం కష్టమైంది. ఒక హోటల్‌కు తీసుకెళ్ళాను, స్టేక్ పాస్తా తెప్పించాను. ముక్కలు సాస్‌లో ఉడికి ఉడికి ఉన్నాయి. ఆయన నోట్లో పెట్టుకుని చాలాసేపు అటూ ఇటూ తిప్పారు. చివరికి నేప్‌కిన్‌లోకి తీసి, నేను చూడలేదనుకుని మడిచి జేబులో పెట్టుకున్నారు. ఇంటికొచ్చి నేర్చుకున్నాను. ఎక్కువ ఉడకకూడదు, పీచుకు అడ్డంగా కోయాలి, రెండు మిల్లీమీటర్లకు మించకూడదు. అలా చేస్తే తిన్నారు. పొడుగు పాస్తా ఆయన చేతికి అందదని పెన్నె (పొట్టి గొట్టాల పాస్తా) వాడేవాణ్ణి. నాకు వడ్డన అందం ముఖ్యం కాదు. ఆ ముక్క మెత్తగా ఉండాలి, అదొక్కటే.

తొమ్మిది_దాటాక
ఇది మొదటే చెప్పి ఉంటే నేను ఇంత దూరం వచ్చేదాన్ని కాదు. మీ నాన్నగారికి మీరు చేసింది సరైనదే. నేను ఎన్నేళ్ళ నుంచో నారకు అడ్డంగా కోస్తూనే ఉన్నాను, అది నాకు కొత్త కాదు. కానీ పైన పేర్చమంటే మాత్రం ఒప్పుకోను.

నిదానం
మొత్తంగా వేయించి, కోసి, ఆ ముక్కల్ని గిన్నెలో కలిపేస్తే సరిపోదా?

ఇనుప_పెనం
సరిపోదు. సాస్ వేడి సంగతి అలాగే ఉంది.

తొమ్మిది_దాటాక
సరిపోదు. కోసేటప్పుడు అందరూ చుట్టూ చేరతారు.

కొత్త_గరిటె
ఇవాళ మళ్ళీ చేశాను. ముగ్గురం. తడి అద్ది మొత్తంగా వేయించాను, మాంసం నిజంగానే ఎర్రగా వేగింది. స్టాక్ పోసి గీకుతుంటే వచ్చిన వాసనకే మా అబ్బాయి వంటింట్లోకి వచ్చాడు. థర్మామీటర్ 58 దగ్గర తీసేస్తే కాసేపటికి 63 చూపించింది, ఇంకో మూడు నిమిషాలు అలాగే ఉంచాను. పాలు వాడలేదు, చీజ్ పొయ్యి ఆపాకే వేశాను. పాస్తా నీళ్ళు రెండు గరిటెలు పట్టాయి. సాస్ విరగలేదు, పెన్నె గొట్టాల లోపలికి కూడా చేరింది.

వంటింట్లో ఒక్కదాన్నే ఉండి కోశాను. బోర్డు మీద మిగిలిన రసం సాస్‌లో పోశాను. పళ్ళేల్లో పాస్తా కాస్త వేడి తగ్గాక, ముక్కలు లెక్కపెట్టి మూడింట్లోనూ ఒక్కోదాంట్లో ఏడేసి కలిపాను. ఒకటి మిగిలింది. అది నేను నిలబడే తినేశాను. లోపల ఇంకా కొంచెం గులాబీగానే ఉంది.

ఇనుప_పెనం
బాగా చేశారు. పాస్తా వేడి తగ్గాకే కలపండి, అది మర్చిపోవద్దు.

తొమ్మిది_దాటాక
ఆ మిగిలిన ముక్క మీరు తిన్నందుకు సంతోషంగా ఉంది.