రొయ్యల చెరువు తవ్వితే రేగడి మధ్యలో ఇసుక పొర: పాత సునామీదేనా?

లంకవాసి:
మా బాబాయి నాగాయలంక దగ్గర రొయ్యల చెరువు తవ్విస్తున్నాడు. పొక్లెయిన్ కోసిన గోడలో నల్ల రేగడి మధ్య, నడుము లోతున, జానెడు మందాన ఇసుక పొర బయటపడింది. అందులో ఆలిచిప్పల ముక్కలు కూడా ఉన్నాయి. 77 ఉప్పెన ఇసుకే అంటోంది మా నాయనమ్మ. 2004 సునామీ లాంటిది వందల ఏళ్ళ కిందట కూడా వచ్చిందని, దాని ఇసుక థాయ్‌లాండ్‌లో దొరికిందని చదివాను. ఇది కూడా అలాంటిదో కాదో ఎలా తెలుస్తుందండీ?

కోడూరు రైతు:
ఉప్పెన నాటికి నాకు పన్నెండేళ్ళు. మా చేలల్లోనూ ఇసుక మేట వేసింది. కొంత ఎత్తిపోశాం, మిగతాది దున్నగా దున్నగా మట్టిలో కలిసిపోయింది. నడుము లోతున, చెదరకుండా ఉందంటే 77ది కాదనే నా అనుమానం.

ఒండ్రుపొరలు:
తీరప్రాంతపు మట్టి పొరలు పరిశీలించడమే నా ఉద్యోగం కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

థాయ్‌లాండ్ సంగతి నిజమే. ఫుకెట్‌కు ఉత్తరాన ఫ్రా థోంగ్ అనే దీవి ఉంది. తీరం పొడవునా పాత ఇసుక దిబ్బలు, వాటి మధ్య గడ్డి పెరిగే పల్లాలు. 2004లో అక్కడ అలలు 20 మీటర్ల ఎత్తుకు లేచాయి. తర్వాత క్రువావన్ జంకేవ్ అనే థాయ్ శాస్త్రవేత్త, అమెరికా నుంచి బ్రయాన్ ఆట్‌వాటర్, మరికొందరు ఆ పల్లాల్లో తవ్వి చూశారు. పైన 2004 నాటి ఇసుక. దాని కింద ఆకులు కుళ్ళిన నల్లమట్టి. ఆ కింద మళ్ళీ అచ్చం అలాంటి తెల్ల ఇసుకే! రెండో ఇసుక కింద దొరికిన బెరడు ముక్కలకు కార్బన్ పరీక్ష చేస్తే ఆ సునామీ 550 నుంచి 700 ఏళ్ళ కిందటిదని లెక్క తేలింది. ఇంకా లోతున మరింత పాత పొరలూ ఉన్నాయి. 2008లో ప్రచురించారు.

ఆ పల్లాలు దొరకడమే వాళ్ళ అదృష్టం. అక్కడ ఏటి వరద రాదు, నాగలి పడదు. మామూలు రోజుల్లో నల్లమట్టి మాత్రమే పేరుతుంది. అలాంటి చోట ఇసుక కనిపించిందంటే సముద్రం మోసుకొచ్చి ఉండాలి. మన డెల్టాలో ఆ ధీమా లేదు. గట్టు తెగితే కృష్ణే ఇసుక పోస్తుంది. పైగా డెల్టా సముద్రంలోకి పెరుగుతూ వచ్చింది, ఇప్పటి తీరానికి ఎంతో లోపల కూడా పాత తీరపు దిబ్బలున్నాయి. మీకు కనిపించింది ఒకనాటి సముద్రపు ఒడ్డే కావచ్చు. ఆలిచిప్పలు ఉన్నంత మాత్రాన సునామీ అనలేం.

ఇక ఉప్పెన సంగతి. తుఫాను అలలు గంటల తరబడి కొడతాయి. ఆ ఇసుకలో సన్నని చారలు చాలా ఉంటాయి, పొర తీరం దగ్గర మందంగా ఉండి తొందరగా ఆగిపోతుంది. సునామీ అలలు కొన్నే, కానీ ఒక్కొక్కటీ నిమిషాల తరబడి నీటిని లోపలికి తోస్తూనే ఉంటుంది. అందుకే పొర దుప్పటి పరిచినట్టు చాలా దూరం పోతుంది. అడుగున ముతక, పైకి పోనుపోను సన్నం. అల నిలిచిన కాసేపట్లో దిగిన బురద గీత, దాని మీద మళ్ళీ ఇసుక.

నేను ముందు వెతికేది మట్టి పెళ్ళల కోసం. గోడను కత్తితో నున్నగా గీకితే ఇసుకలో గోరంత నల్లటి రేగడి ముక్కలు, అంచులు అరక్కుండా, కనిపించవచ్చు. కింది నేలను నీళ్ళు పెకలించి, అవి కరిగేలోపే అక్కడ పడేశాయన్న మాట.

అయినా వీటితో తీర్పు చెప్పేయకూడదు. 2013లో హైయాన్ తుఫాను ఫిలిప్పీన్స్‌లోని హెర్నాని మీదికి అచ్చం సునామీ లాంటి అలనే పంపింది. ఒక్క గొయ్యి సాక్ష్యం చాలదు. ఫ్రా థోంగ్ లెక్కకు బలం వచ్చింది సుమత్రాలోని మెలాబో వల్ల. అక్కడ వేరే బృందానికి దాదాపు అదే కాలపు ఇసుక దొరికింది. భూమధ్యరేఖకు అంత దగ్గర్లో తుఫాన్లు దాదాపు ఉండవు.

లంకవాసి:
చాలా థాంక్సండీ. ఆలిచిప్పల ముక్కలు ల్యాబ్‌కి పంపితే వయసు తెలుస్తుందా?

ఒండ్రుపొరలు:
చిప్ప వయసును నమ్మకండి. అది చచ్చాక సముద్రం అడుగున ఎన్నేళ్ళు పడి ఉందో! ఇసుకకు సరిగ్గా కింద ఉన్న ఆకు, గింజ, బెరడు మేలు. ఇసుకకు చివరిసారి ఎండ ఎప్పుడు తగిలిందో చెప్పే పరీక్ష కూడా ఉంది, కానీ దానికి వెలుతురు సోకకుండా గోడలోకి గొట్టం దిగ్గొట్టి తీయాలి. గట్టు మీద పోసిన గుట్టలోది పనికిరాదు.

ముందు నాలుగు గోడలూ చూడండి. పొర అన్నిట్లోనూ ఉందా? సముద్రం వైపు గోడలో మందంగా ఉందా? కింది అంచు కోసినట్టు ఉందా, మెల్లగా కలిసిపోయిందా? టేపు పట్టి ఫోటోలు తీయండి, జీపీఎస్ రాసుకోండి. పక్కన కొత్తగా తవ్విన చెరువులుంటే అక్కడా చూడండి. అవి పట్టుకుని ఆంధ్రా యూనివర్సిటీ జియాలజీ వాళ్ళను అడగండి.

లంకవాసి:
ఎల్లుండి నీళ్ళు పెడతారట. ఈ సాయంత్రమే టేపు పట్టుకుని వెళ్తున్నా, ఫోటోలు ఇక్కడే పెడతాను.