దక్షిణ భారతంలో టాక్సోప్లాస్మోసిస్: మనుషుల అంకెలను, జీవాల అంకెలను పక్కపక్కన పెట్టి చూడవచ్చా?

ప్రశ్న – పశువైద్య పీజీ విద్యార్థిని

నమస్కారం. గొర్రెలు, మేకలు ఈసుకుపోవడానికి (చూలు పోవడానికి) గల కారణాలపై సెమినార్ కోసం టాక్సోప్లాస్మా (టాక్సోప్లాస్మోసిస్‌ను కలిగించే, పిల్లుల మలం ద్వారా వ్యాపించే పరాన్నజీవి) వ్యాప్తి గురించి చదువుతున్నాను. దేశంలోని వివిధ ప్రాంతాలకు చెందిన 1,464 మంది గర్భధారణ వయసు మహిళలపై జరిపిన ఒక అధ్యయనం 2014లో వెలువడింది. వారిలో 22.4 శాతం మందికి దీనిపై ఐజీజీ యాంటీబాడీలు (ఎప్పుడో సోకిందనడానికి రక్తంలో మిగిలే గుర్తు) ఉన్నాయి. దక్షిణాదిలో ఇది 37.3 శాతం కాగా పశ్చిమాన 8.8 శాతమే. ఇంత తేడా ఎందుకు? ఇంట్లో పిల్లిని పెంచేవారు మన దగ్గర తక్కువే కదా, ఇంతమందికి ఎక్కడి నుంచి సోకుతోంది? జీవాలపై జరిగిన సర్వేల అంకెలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. వాటిని మనుషుల అంకెలతో పోల్చవచ్చా?

జవాబు 1 – పరాన్నజీవి శాస్త్ర అధ్యాపకుడు

ముందుగా వాతావరణాన్ని చూడండమ్మా. పిల్లికి తొలిసారి సోకినప్పుడు ఒకటి నుంచి మూడు వారాల పాటు దాని మలంలో లక్షలాది ఊసిస్టులు (పరాన్నజీవి గుడ్డులాంటి రూపాలు) బయటికి వస్తాయి. అవి ఒకటి నుంచి ఐదు రోజుల్లో సోకే దశకు చేరి, నీడ, తేమ ఉన్న మట్టిలో ఏడాదికి పైగా బతికి ఉండగలవు. ఎండిన నేలలో మాత్రం ఎక్కువ కాలం నిలవవు. అందువల్ల ఇంట్లో పిల్లి ఉందా లేదా అన్నదాని కంటే, వీధి పిల్లులు ఏ పెరట్లో, ఏ ఇసుక కుప్పలో, ఏ గడ్డివాములో మలవిసర్జన చేస్తున్నాయన్నదే ముఖ్యం. తిండి అలవాట్ల పాత్ర కూడా ఉంటుంది గనుక తేడా మొత్తాన్నీ తేమకే అంటగట్టకూడదు.

జీవాల అంకెలు పొసగకపోవడంలో ఆశ్చర్యం లేదు. ఒకరు లేటెక్స్ అనే రక్తపరీక్ష చేస్తారు, మరొకరు ఎలైజా అనే వేరే రక్తపరీక్ష చేస్తారు. ఒకరు కబేళాలో నమూనాలు తీసుకుంటే మరొకరు ఈసుకుపోయిన మందలోనే తీసుకుంటారు. వయసు పెరిగేకొద్దీ పాజిటివ్‌ల శాతం పెరుగుతుంది గనుక, వయసు రాయని సర్వేను నేను నమ్మను. ఆవులు, గేదెలకు సోకినా జబ్బు పడడం అరుదు. గొర్రెకు, మేకకు చూలుతో ఉండగా తొలిసారి సోకితే మాత్రం ఈసుకుపోయే ప్రమాదం ఉంది. నేల ఎంత కలుషితమైందో తెలియాలంటే నాటుకోళ్లను పరీక్షించడం మేలు, ఎందుకంటే అవి రోజంతా ఆ మట్టినే గీరి తింటాయి. మనుషుల అంకెల పక్కన పెట్టదలిస్తే, అదే ఊరి నాటుకోళ్ల అంకెలను పెట్టండి.

జవాబు 2 – మైక్రోబయాలజీ వైద్యురాలు

మట్టితో పాటు నీటినీ మరువకూడదు. 2004లో కోయంబత్తూరులో మొదలైన కంటి టాక్సోప్లాస్మోసిస్ ఉధృతిలో 248 మంది బాధితులను గుర్తించారు. వారిలో చాలామంది నివసించిన ప్రాంతాలను బట్టి ఒక పురపాలక జలాశయంపై అనుమానం కలిగింది.

37.3 శాతం అంటే అంతమంది రోగులని కాదు, ఎప్పుడో ఒకప్పుడు ఆ పరాన్నజీవి సోకినవారని మాత్రమే అర్థం. గర్భిణుల విషయంలో మనం ఆలోచించవలసింది ఇంకా సోకని, అంటే రక్షణ లేని, మిగతా 62.7 శాతం గురించి. గర్భిణులకు ఈ పరీక్షలు తప్పనిసరి చేసిన ఫ్రాన్స్‌లో ఐజీజీ ఉన్నవారు 1995లో 54.3 శాతం ఉండగా 2016 నాటికి 31.3 శాతానికి తగ్గారు; అంటే సోకే అవకాశం తగ్గింది గానీ, రక్షణ లేని గర్భిణుల వాటా పెరిగింది.

మన దగ్గర నన్ను బాధించే విషయం ఇది. పదేపదే గర్భస్రావమైన మహిళకు టార్చ్ పరీక్ష (టాక్సోప్లాస్మా, రుబెల్లా వంటి ఇన్ఫెక్షన్లకు కలిపి చేసే రక్తపరీక్ష) రాయడం, ఐజీజీ పాజిటివ్ అని చూసి భయపెట్టడం, మందులు మొదలుపెట్టడం ఇప్పటికీ జరుగుతోంది. పాత ఐజీజీ సాధారణంగా రక్షణకు గుర్తే గాని వరుస గర్భస్రావాలకు కారణం కాదు. కొత్తగా సోకినప్పుడు ముందుగా వచ్చే ఐజీఎం యాంటీబాడీ కూడా నెలల తరబడి నిలిచి ఉండవచ్చు కాబట్టి, తొలి మూడు నెలల్లో అవిడిటీ పరీక్ష (ఐజీజీ ఎంత గట్టిగా అతుక్కుంటుందో చూసేది) చేసి అది ఎక్కువగా ఉన్నట్లు తేలితే, గర్భం రాకముందే సోకిందని ఆమెకు ధైర్యం చెప్పవచ్చు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈసుకుపోయిన మందలో రక్తపరీక్షతోనే దీన్ని నిర్ధారించవచ్చా?

జవాబు 1 రాసినవారు

కుదరదు. పాజిటివ్ వచ్చిన తల్లికి అది ఎప్పుడు సోకిందో ఆ ఒక్క ఫలితం చెప్పలేదు. మాయ మీది గుబ్బల్లో తెల్లని చిన్న చుక్కలు ఉన్నాయేమో చూసి, మాయ, పిండం మెదడు నమూనాలను పీసీఆర్‌కు పంపండి. జీవాలు ఈసుకుపోయేలా చేసే మరో సూక్ష్మజీవి బ్రూసెల్లా పరీక్ష కూడా తప్పక చేయించండి. చేతులకు గ్లౌజులు వేసుకోండి, గర్భిణులను దగ్గరికి రానివ్వకండి, ఆ మాయను కుక్కలకో పిల్లులకో పారేయకుండా లోతుగా పూడ్చిపెట్టమని రైతుకు చెప్పండి.